పద్దెనిమిది నిండితేనే

"నీ వయసెంతమ్మా?" కళ్ళజోడు మీదుగా చూస్తూ ఇంగ్లీషులో అడిగాడు సత్యనారాయణమూర్తి.

"పంతొమ్మిది" అంది ఆ పిల్ల.

ఆ పిల్ల ఇచ్చిన డ్రైవింగ్ లైసెన్సు మీది ఫొటో చూశాడు. పిల్ల ముఖం చూశాడు. ఫొటోలో గడ్డం మీద పుట్టుమచ్చ ఉంది. ముఖం మీద లేదు.

"ఇది మీ అక్కది కదూ?"

పిల్ల లేచి వెళ్ళిపోయింది.

అమలాపురంలో సబ్ రిజిస్ట్రారుగా రిటైరైన మూర్తి, వెస్ట్‌మీడ్‌లో కూతురి దగ్గరికి వచ్చి రెండేళ్ళయింది. పొద్దుపోక సతమతమవుతుంటే, హెలెన్స్‌బర్గ్ గుళ్ళో పరిచయమైన బాలమురళి ఈ పని ఇచ్చాడు.

"మీ పాత జాబ్ లాంటిదే అంకుల్. వచ్చినవాళ్ళ ఏజ్ ప్రూఫ్ చెక్ చేయాలి. ఇష్టపడే వచ్చామని ఇద్దరి చేతా సైన్ పెట్టించాలి. ఫైల్ చేయాలి. లోపల సంగతి మేం చూసుకుంటాం."

లోపలంటే హాలు. పూలు, లైట్లు, కెమెరాలు. మూర్తి ఏనాడూ తొంగి చూడలేదు. కాగితం సరిగ్గా ఉంటే ఆయనకు లోకమంతా సరిగ్గా ఉన్నట్టే.

జంటలు ముస్తాబై వచ్చేవి. సంతకాలయ్యాక మనసులోనే దీవించి పంపేవాడు. ఒకావిడ నెల తిరక్కుండా ఇంకొకతనితో వచ్చింది. ఈ దేశంలో విడాకులు ఇంత తేలికా అని నిట్టూర్చి, కొత్త ఫైలు తెరిచాడు.

పిల్ల వెళ్ళిపోయిందని తెలిసి బాలమురళి చిరాకుపడుతూ వచ్చాడు.

"ఏంటి అంకుల్ ఇది? అందరూ రెడీగా ఉన్నారు. డే మొత్తం వేస్ట్."

"మైనరు కాగితం మీద నేను సంతకం పెట్టను బాబూ. ముప్పై ఏళ్ళ సర్వీసులో నా చేతి మీదుగా ఒక్క బాల్యవివాహం జరగలేదు. కాదంటావా, రేపట్నుంచి మానేస్తాను."

బాలమురళి ఆయన ముఖంలోకి వింతగా చూసి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ప్రభుత్వం తరఫున తనిఖీకి ఒకావిడ వచ్చింది. రెండు గంటలు కూర్చుని ప్రతి ఫైలూ తిరగేసింది. పుట్టిన తేదీలు, పాస్‌పోర్టు నకళ్ళు, సంతకాలు. ఎక్కడా వేలు పెట్టడానికి సందు లేదు. పొద్దున పంపేసిన పిల్ల సంగతి కూడా కారణంతో సహా రాసి ఉంది.

మూర్తికి పాతికేళ్ళ కిందటి ఆడిట్ రోజులు గుర్తొచ్చాయి.

ఆవిడ లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపింది.

"ఇరవై ఏళ్ళుగా తిరుగుతున్నాను మిస్టర్ మూర్తీ, ఇంత శుద్ధమైన రికార్డులు ఏ బూతు సినిమాల కంపెనీలోనూ చూడలేదు."