మూడు నెలల గడువు

“ఐదేళ్ళకు వేస్తే నూరు లెవాలకు ఏటా ఒక లెవా వడ్డీ వస్తుంది. మూడు నెలలకు వేస్తే వచ్చేది దాదాపు సున్నా. ఈ మాట డిసెంబరులోనే చెప్పాను కదా దోన్కా గారూ,” అంది బ్యాంకు కౌంటరులోని విహ్రా, వీలైనంత మెల్లగా.

“చెప్పావమ్మా. మూడు నెలలకే వెయ్యి,” అంది దోన్కా చేతిసంచి ఒళ్ళోకి లాక్కుంటూ.

పక్క కుర్చీలో రాచో గొంతు సవరించుకున్నాడు. “దీనితో వాదించకు తల్లీ. నా వల్లే కాలేదు.”

“నీ వల్ల ఏమయింది గనక?”

“కిందటిసారి వచ్చిన వడ్డీ బస్సు టికెట్టుకైనా చాలలేదే.”

“రేపు వడ్డీ రేట్లు పెరిగితే? ఐదేళ్ళు డబ్బు ఇరుక్కుపోదూ?”

“పదేళ్ళుగా పెరుగుతూనే ఉన్నాయి,” అన్నాడు రాచో వెటకారంగా. అని, జేబులోంచి ఎరుపూ తెలుపూ దారం పేనిన మర్తెనిత్స తీసి ఆవిడ మణికట్టుకు కట్టసాగాడు. ఆ రోజు మార్చి ఒకటి, వసంతం వస్తోందని ఒకరికొకరు ఇవి కట్టుకునే రోజు. ముడి ఒక పట్టాన పడలేదు. దోన్కా విసుక్కుంటూనే చెయ్యి కదపకుండా ఉంచింది.

“తొలి కొంగ కనపడేదాకా విప్పకు,” అన్నాడు.

“ఏటా చెప్పాలా? బీపీ బిళ్ళ వేసుకున్నావా?”

“వేసుకున్నాను. పొయ్యి గొట్టం దులిపించావా?”

“అయింది. ఇదిగో, ఈ సీసా నీ సంచిలో పెట్టుకో, నా చెయ్యి లాగుతోంది.” ఎర్ర మిరప పచ్చడి సీసా చేతులు మారింది.

విహ్రాకు నవ్వూ వచ్చింది, అసూయా కలిగింది. ఈ ముసలాళ్ళు ఇంట్లో పోట్లాట చాలక బ్యాంకుకొచ్చి పోట్లాడుకుంటున్నారు. అద్దెగదిలో తనకు పోట్లాడటానికైనా ఎవరూ లేరు. ఇవాళ ఊరంతా చేతులకు మర్తెనిత్సలే, తన చెయ్యి ఒక్కటే బోసిగా ఉంది.

ఈ గాబ్రొవో వాళ్ళ పిసినారితనం సంగతి విహ్రా సముద్రం ఒడ్డున బుర్గాస్‌లో ఉండగానే విన్నది. పిల్లికి బిచ్చం పెట్టకపోవడం అటుంచి, దాని తోకే కోసేస్తారట, చలికాలంలో అది లోపలికి రాగానే వేడి పోకుండా తలుపు చప్పున మూసుకోవచ్చని. అలాంటి ఊళ్ళో పుట్టి, వచ్చే వడ్డీని కాలదన్నుకునే మనుషుల్ని ఇక్కడికొచ్చాకే చూసింది. ఇద్దరి పేరా ఉన్న డిపాజిట్ అది. గడువు తీరినప్పుడల్లా ఇద్దరూ వచ్చి సంతకాలు పెట్టాలి. ఎండైనా మంచైనా వచ్చి పెడుతూనే ఉన్నారు. అతి తెలివికి పోయి నష్టపోవడమంటే ఇదే అనుకుంది విహ్రా.

విహ్రాకూ ఇవాళ ఒక గడువుంది. పదిమంది చేత ఐదేళ్ళ డిపాజిట్లు వేయిస్తే బుర్గాస్‌లో ఖాళీ అయిన సీటు నీదే అన్నాడు మేనేజరు. తొమ్మిది డిపాజిట్లు అయ్యాయి. సాయంత్రంతో సరి.

“మీ మేలు కోసమే చెబుతున్నాను,” అని మొదలుపెట్టి, సిగ్గేసి ఆగిపోయింది. “అబద్ధమెందుకు, నా మేలు కూడా ఉంది. ఇది ఒక్కటైతే నన్ను మా ఊరు పంపిస్తారు. ఇక్కడ శుక్రవారం తలుపేసుకుంటే సోమవారం దాకా నా గొంతు నాకే వినపడదు.”

దోన్కా తన మణికట్టు మీది దారాన్ని సవరించుకుంది.

“మీ ఊళ్ళో ఎవరున్నారమ్మా?”

“అమ్మ ఉంది. అన్నయ్యావాళ్ళున్నారు. ఆదివారమైతే ఇల్లంతా గోలే.”

దోన్కా రాచో వైపు తిరిగింది. “ఏమంటావు?”

“నువ్వే చెప్పు.”

“అన్నిటికీ నేనే చెప్పాలి,” అంది గానీ ఈసారి గొంతులో విసురు లేదు. “అమ్మాయ్, ఐదేళ్ళకు వేస్తే మధ్యలో రావక్కర్లేదా?”

“ఒక్కసారి కూడా అక్కర్లేదు. ఈ చలిలో మీకు ఈ తిప్పలుండవు. హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు.”

“ఇంట్లో,” అన్నాడు రాచో. కలం మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. “పోనీలేవే. పిల్ల ఇంటికి వెళ్ళనీ.”

ముందు ఆయన సంతకం పెట్టాడు. దోన్కా కళ్ళజోడు వెతుక్కుని, అక్షరం అక్షరం దిద్దినట్టు నెమ్మదిగా పెట్టింది. తర్వాత సంచిలోంచి ఇంకో మర్తెనిత్స తీసింది. రాచో అప్పటికే కోటు చెయ్యి పైకి లాక్కున్నాడు. విహ్రా బోసి చేతిని చూశాడు, కోటు చెయ్యి మళ్ళీ కిందికి లాక్కుని, ఆమెకు కట్టమన్నట్టు గడ్డం ఎగరేశాడు. దోన్కా కట్టింది.

“చల్లగా వెళ్ళు తల్లీ,” అంది.

విహ్రా కళ్ళు చెమర్చాయి. వాళ్ళిద్దరూ తలుపు దాటేదాకా నిలబడే ఉంది. తర్వాత క్యాషియర్ మింకా దగ్గరికి దాదాపు పరుగెత్తింది.

“పది డిపాజిట్లూ అయ్యాయి. రాచో గారివాళ్ళు ఐదేళ్ళకు ఒప్పుకున్నారు.”

మింకా తలెత్తింది. “వాళ్ళా? వాళ్ళచేత ఐదేళ్ళకు వేయించావా?”

“తప్పేముంది? ఇక మూడు నెలలకోసారి పడుతూ లేస్తూ రానక్కర్లేదు.”

మింకా కిటికీ వైపు చూపించింది. అద్దంలోంచి రోడ్డవతల బస్టాపు కనిపిస్తోంది. ఇద్దరూ అక్కడే నిలబడి ఉన్నారు. ఒక బస్సు వచ్చి ఎవరినీ ఎక్కించుకోకుండా వెళ్ళింది. ఇంకోటి వచ్చింది. ఈసారి రాచో పచ్చడి సీసా ఉన్న సంచి గుండెకు ఆనించుకుని ఎక్కాడు. దోన్కా ఎక్కలేదు.

“అదేంటి, ఆయనొక్కడే వెళ్తున్నాడు?” అంది విహ్రా.

“ఆయనుండేది పక్క ఊరు సెవ్లియెవోలో. ఆవిడది ఈ ఊరే.”

“ఎందుకలా?”

“నీకు తెలుసనుకున్నాను,” అంది మింకా. “వాళ్ళు విడాకులు తీసుకుని పదకొండేళ్ళయింది.”