పశువులపాకలో సోక్రటీసు

"క్రిస్మస్ పాకలోంచి ఆ బొమ్మ తీసెయ్యవే తెరేసా! ఫాదర్ గారు రిక్షా దిగుతున్నారు," అన్నాడు ఫిలాసఫీ లెక్చరర్ శౌరయ్య.

"ముగ్గురు జ్ఞానుల్లో ఒకాయన్ని చెదలు తినేశాయండీ. మీ సోక్రటీసూ జ్ఞానేగా!"

"క్రీస్తుకి నాలుగొందలేళ్ళ ముందే పోయాడే ఆయన!"

"పాపం, అంత దూరం నుంచొచ్చాడా? అయితే ఉండనివ్వండి."

శౌరయ్య కొండపల్లిలో పట్టుబట్టి చేయించుకున్న బొమ్మ అది. చేతిలో విషపాత్ర.

క్రిస్మస్ పాకను దీవించబోయి ఫాదర్ ఆగారు. "ఈయన గిన్నెలో ఏముంది?"

తెరేసమ్మ మొహం పాలిపోయింది. నిజం కోసం చచ్చిన మనిషి శౌరయ్యనే చూస్తున్నాడు.

"బోళం, ఫాదర్. బాలయేసుకి సుగంధ కానుక," అన్నాడు శౌరయ్య.

ఫాదర్ తీర్థం చల్లారు. శౌరయ్య మోకరిల్లాడు.

"ఇరవయ్యేళ్ళకి ప్రార్థన చేశారు!" తెరేసమ్మ కళ్ళొత్తుకుంది.

తాను క్షమించమన్నది సోక్రటీసునని ఆమెతో ఎలా చెప్పడం?