జానెడు లోతు

"చెయ్యి పెట్టి చూడొచ్చా?" అన్నాడు రాయబారి, మూతి విప్పిన బస్తా దగ్గర ఆగి.

కోటలో ధాన్యం కొట్టు చూసుకునే కొఠారి మొహాన నవ్వు చెదరనివ్వలేదు. బస్తాలో పైన జానెడు మందాన గోధుమలున్నాయి. కిందంతా ఊకే. కొట్టులో బస్తాలన్నీ అంతే. ఉపాయం అతని భార్యది. నిజానికి ఉన్న గింజలు నాలుగు రోజులకు మించి రావు.

మిరియాల ఓడలు ఎవరి రేవులో ఆగాలన్న తగువు ముదిరి రెండు పట్టణాల మధ్య యుద్ధమైంది. మూడు నెలలుగా శత్రువులు ఎదుటి కొండమీద వందల గుడారాలేసి తిష్ఠ వేశారు. కోట దాటే దారి లేదు. కొఠారి ఇంట్లో నెలలు నిండిన కోడలు ఒక్కపూట గంజితో సరిపెట్టుకుంటోంది. సంధికి వాళ్ళ రాయబారి వస్తున్నాడనగానే దళపతి కొఠారిని పిలిచి, "అతనికి కొట్టు చూపిద్దాం. మన ప్రాణాలన్నీ నీ మొహంలో ఉన్నాయి. అది చిన్నబోకుండా చూసుకో" అన్నాడు.

"చూడండి, మొహమాటమెందుకు?" అన్నాడు కొఠారి.

రాయబారి మణికట్టుదాకా చెయ్యి దించాడు. యుద్ధానికి ముందు అతను ధాన్యం వ్యాపారి. ఇంకో రెండు వేళ్ళు దిగితే గుట్టు రట్టయ్యేదే.

"ఎలకలతో చస్తున్నామండీ. ఇంత సరుక్కి ఎన్ని పిల్లుల్ని పెంచమంటారు?"

"నిజమే." రాయబారి చెయ్యి తీసి దులుపుకున్నాడు. వెనకే నిలబడ్డ దళపతివైపు తిరిగి, "మీరు ఏడాదైనా కూర్చోగలరు. మేమూ కూర్చోగలం. ఎందుకొచ్చిన గొడవ చెప్పండి? ఓడల్ని మా రేవుకి వదిలేయండి, సాయంత్రానికల్లా కొండ దిగిపోతాం" అన్నాడు.

దళపతి మూడుసార్లు కాదూ కూడదన్నాడు. నాలుగోసారి సంతకం పెట్టాడు.

ఇంటికెళ్ళి కొఠారి భార్యతో అన్నాడు, "వాణ్ణి బురిడీ కొట్టించామే. పోతే ఓడలు పోయాయి."

"ఈ ఊరు బతికిందే ఓడలమీదండీ."

"ఇవాళ బతికింది మాత్రం నా మొహంమీద."

మర్నాడు పొద్దున్నే, శత్రువులు వదిలిపోయిన గింజలేమైనా దొరక్కపోతాయా అని సంచీ పట్టుకుని కొండెక్కాడు. గుడారాలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. వరసగా రెండువందలు. ఒక్కొక్కటే తెర తీసి చూసుకుంటూ పోయాడు.

మూడు గుడారాల్లో తప్ప, మరెక్కడా మనిషి మసిలిన జాడే లేదు.