రెండు ఊదులు

"గొర్రె మాంసం ప్యాక్ చేసే మనిషితో నేను పోటీ పడాలా?" డెంజిల్ బస్సులోనే లేచి నిలబడి అరిచాడు.

"పడాలి," అన్నాడు మేనేజరు రెక్స్. "ఇంకో పదిహేను రోజుల్లో నెదర్లాండ్స్‌లో ప్రపంచ పోటీ. మన జాతీయ బ్యాండులో సోలో కార్నెట్ బూర ఎవరిదో ఇవాళ తేలిపోవాలి. ఉన్నది ఒక్క కుర్చీ. నువ్వో, మెరియానానో."

"దాని చేతులకింకా గొర్రె కొవ్వు వాసనే పోలేదు!"

"జడ్జి గుడారంలో ఉంటాడు కదా. వాసన అక్కడిదాకా రాదులే, కూర్చో."

బ్యాండు పోటీల పద్ధతే అది. హాలు మధ్యలో నాలుగు పక్కలా గుడ్డ కట్టి, జడ్జిని అందులో కూర్చోబెడతారు. వాయించేది ఆడో మగో కూడా ఆయనకి తెలియదు. ఒకటో నంబరు, రెండో నంబరు, అంతే. ఆయన విజిల్ వేస్తే ఇవతల వాయించాలి.

డెంజిల్ కూర్చున్నాడు. పన్నెండేళ్లుగా ఆ కుర్చీ తనది. బయటికి ఎన్ని ప్రగల్భాలు పలికినా ఈసారి అది చేజారుతుందేమోనని లోపల భయం. మొన్న పక్క ఊరి కచేరీలో మెరియానా వాయించాక జనం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. అతనికి ఆ మర్యాద జరిగి చాలా కాలమైంది.

బస్సు పోటీ జరిగే బొగ్గు గనుల ఊళ్లో ఆగగానే వానలో తడుస్తూ హాలు వెనక్కి పరిగెత్తాడు. జడ్జి పెంబర్టన్ వరండాలో నిలబడి మటన్ కూరిన రొట్టె తింటున్నాడు. డెంజిల్‌కి చిన్నప్పుడు కార్నెట్ నేర్పింది ఆయనే.

"మాస్టారూ, కాస్త చూసుకోవాలి మీరు."

"గుడ్డలోంచి ఏం చూడమంటావురా?"

"చూడక్కర్లేదు, వినండి. విజిల్ వేశాక, వాయించే ముందు, గొట్టంలో నీళ్లు వదిలినట్టు రెండుసార్లు ఊదుతాను. ఫూ, ఫూ. అది నేనే."

ఊపిరి తేమ కార్నెట్‌లో నీళ్లై చేరుతుంది. దాన్ని ఊది పారబోయడం అందరూ చేసే పనే. ఎవరికీ అనుమానం రాదు.

"ఊదడంలో ఉన్న తెలివి వాయించడంలో కూడా ఉంటే నీకీ తిప్పలు ఉండేవి కావు," అన్నాడు పెంబర్టన్, మూతి తుడుచుకుంటూ. కాదని మాత్రం అనలేదు.

డెంజిల్ ఈల వేసుకుంటూ స్టేజి వెనక గదిలోకి వచ్చాడు. మెరియానా ఓ మూల నిలబడి మెల్లగా సాధన చేసుకుంటోంది.

"ఏమిటమ్మా ఆ గళగళ? కార్నెట్ వాయిస్తున్నావా, పుక్కిలిస్తున్నావా?"

ఆమె ఉలిక్కిపడింది. "చలికి నీళ్లు చేరాయండీ. ఇందాకే ఊదేశాను."

"ఒక్క ఊదు ఊదితే పోతాయా? మీ గొర్రెల కొట్టంలో చెల్లుతుందేమో! ఇది జాతీయ బ్యాండు. మొదలుపెట్టే ముందు ఎలా ఊదాలో చూడు." పొద్దుటినుంచీ అదే ధ్యాసలో ఉన్నాడేమో, కార్నెట్ పైకెత్తి దర్జాగా ఊదాడు. ఫూ, ఫూ. "ఇది కూడా మేమే నేర్పాలి. ఖర్మ!"

మెరియానా మొహం ఎర్రబడింది. "సరేనండీ, అలాగే చేస్తాను," అంది.

"చెయ్యి, చెయ్యి. రేపట్నుంచి గొర్రెలకి వినిపిద్దువుగాని."

రెక్స్ తన టోపీలో రెండు చీటీలు వేసి తెచ్చాడు. మెరియానాకి ఒకటి వచ్చింది, డెంజిల్‌కి రెండు.

"అదృష్టవంతురాలివి. నా తర్వాత వాయించే అవమానం తప్పింది నీకు," అన్నాడు డెంజిల్.

ఆమె లోపలికి వెళ్లింది. తలుపు మూశారు. రేకుల కప్పు మీద వాన హోరుకి గదిలోకి ఒక్క ముక్క వినపడలేదు. వినే ఓపిక కూడా డెంజిల్‌కి లేదు. అద్దం ముందు నిలబడి మీసం సరిచేసుకున్నాడు.

తన వంతు వచ్చింది. విజిల్ మోగింది. ఫూ, ఫూ అని ఊది, కార్నెట్ పెదాలకి ఆనించాడు.

వాడెలాంటివాడైనా ఈ మాట ఒప్పుకోవాలి. ఆ రోజు డెంజిల్ వాయించినట్టు ఆ పన్నెండేళ్లలో ఎన్నడూ వాయించలేదు. ఇక భయం లేదనే ధీమాతోనో ఏమో, ఊపిరి ఎక్కడా తొణకలేదు, వేలు ఎక్కడా తడబడలేదు. హాలుని ఆనుకున్న వంటగదిలో టీ కలుపుతున్న ఆడవాళ్లు చెంచాలు ఆపేసి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

పెంబర్టన్ గుడారంలోంచి వచ్చి, అంటించిన కవరు రెక్స్ చేతికిచ్చి, డెంజిల్ భుజం మీద చెయ్యి వేసి పక్కకి తీసుకెళ్లాడు.

"పని అయిపోయిందిరా. ఒకటో నంబరని రాసిచ్చాను."

డెంజిల్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఒకటా? మాస్టారూ..."

"ఒకటే. నీ ఫూ ఫూ నాకు వినపడలేదనుకున్నావా? ఆ గొర్రెల మనిషి తర్వాత వచ్చి నీలాగే ఊదింది చూశావా! ఎక్కడ చూసి కాపీ కొట్టిందో! నేను పడతానా ఆ బుట్టలో? ముందు ఊదినవాడే నా శిష్యుడు."

స్టేజి మీద రెక్స్ కవరు చింపుతున్నాడు. డెంజిల్ అటు వెళ్లబోయి ఆగాడు. నిజం చెబితే తన బతుకూ మాస్టారి బతుకూ బజారున పడతాయి.

పెంబర్టన్ అతని చెవి దగ్గరికి వంగాడు. "మనలో మాటరా, ఏమీ అనుకోకు. ఆ రెండో నంబరు వాయించినట్టు నువ్వు ఏడు జన్మలెత్తినా వాయించలేవు. నీ ఫూ ఫూ లేకపోతే కళ్లు మూసుకుని ఆ కుర్చీ దానికే రాసిచ్చేవాణ్ణి."