పక్కింటి పియానో మీద నోటీసు

ఆ ఏడాదికి ఇంగ్లండులోని లెస్టర్‌లో ప్రతి వంటింటి గోడకూ చట్టం చెప్పే పెట్టె ఒకటి వచ్చింది. దోసె తిరగేస్తూ హైమవతి విసుక్కుంది. "పక్కింట్లో పొద్దున్నే ఆ పియానో గోల! దీనికేం చెయ్యలేమా?"

"చెయ్యొచ్చండీ. చట్టం మీవైపే ఉంది. నోటీసు పంపమంటారా?" అని అడిగింది పెట్టె.

"పంపెయ్."

నాలుగో రోజుకి పియానో ఆగింది. ఆ సాయంత్రం పక్కింటి ముసలావిడ జోన్ వచ్చి తలుపు తట్టి, క్షమించమని అడిగింది.

"మా ఆయనకి మతిమరుపు జబ్బు. నా పేరు కూడా మర్చిపోయాడు, పాటలు మాత్రం మిగిలాయి. పియానో ఎవరికో ఇచ్చేశాం. ఇక మీకు ఇబ్బంది ఉండదు."

హైమవతికి తల కొట్టేసినట్టయింది. "నాతో ఒక్క మాట చెప్పి ఉంటే..." అనబోయి, ముందు వెళ్లి మాట్లాడవలసింది తనేనని తోచి ఆగిపోయింది. "నోటీసు వెనక్కి తీసుకుంటాను. పియానో ఎక్కడుందో చెప్పండి, నేనే తెప్పిస్తాను."

"వద్దండీ. మా పెట్టెనీ అడిగాం. తప్పు మాదేనంది."

అయినా హైమవతి ఆమె వెంట వెళ్లింది. ముసలాయన భోజనాల బల్ల మీద చప్పుడు లేకుండా వేళ్లు ఆడిస్తున్నాడు. హైమవతిని చూసి బెదిరిపోయి, చేతులు ఒళ్లోకి లాక్కున్నాడు.

"మరీ గట్టిగా వాయిస్తున్నానా?" అని అడిగాడు.