ఇత్తడి గ్లాసు

ఆ కొత్త మనిషి సుధాకర్ చేతిలోని ఇత్తడి గ్లాసును ఫట్టున కొట్టాడు.

గ్లాసు ఎగిరి అవతల పడింది. పొయ్యి మీంచి అప్పుడే వంచిన చాయ్ సుధాకర్ చేతి మీద, మెడ మీద చిమ్మింది.

ఒక చుక్క అతని మూడేళ్ల కూతురు సమత పాదం మీద పడింది. పిల్ల కెవ్వుమంది.

"ఎవడ్రా నువ్వు?" సుధాకర్ అతని కాలర్ పట్టుకున్నాడు.

అతను విడిపించుకొని గ్లాసు దగ్గరికి పరుగెత్తాడు. పక్కనే ఉన్న ఐదు కిలోల తూకంరాయి ఎత్తి దాని మీద వేశాడు.

ఒకసారి కాదు, మూడుసార్లు.

గ్లాసు రేకులా అణిగిపోయింది.

చేవెళ్ల కూరగాయల మార్కెట్లో హమాలీలందరూ ఎక్కడివాళ్లు అక్కడ నిలబడిపోయారు.

అది మామూలు గ్లాసు కాదు. చాయ్ డబ్బా కొట్టులో దేవుని పటం పక్కన పెట్టుకునే బిక్షమన్న గ్లాసు. దాని మీద ఆయన పేరు చెక్కి ఉంటుంది.

పన్నెండేళ్ల కింద బిక్షం రెండు మూటలు ఒక్కసారే ఎత్తేవాడట. మరుగుతున్న చాయ్‌ని ఆ గ్లాసులో పోయించుకొని, ఊదకుండా, ఒక్క గుక్కలో తాగేవాడట. తర్వాత బొంబాయి పోయి పెద్ద మేస్త్రీ అయ్యాడని చెప్పుకుంటారు.

అప్పటి నుంచి రోజూ పొద్దున అదే షర్తు. ఊదకుండా తాగినవాడిది గెలుపు. ఓడినవాడు అతని వంతు మూటలు కూడా ఎత్తాలి.

రెండేళ్లుగా సుధాకర్‌ను ఓడించినవాడు లేడు. డబ్బా నడిపేది, చాయ్ పోసేది అతని భార్య రేణుకే.

ఎముకల గూడులా మిగిలిన ఈ బక్క మనిషి మూడు రోజులుగా వచ్చి సుధాకర్‌కు ఒక కాగితం చూపిస్తున్నాడు. 'తమ్మీ, ఇంత వేడి తాగకు' అని రాసి ఉండేది. సుధాకర్ దాన్ని ఉండ చుట్టి పారేసేవాడు.

"బిక్షమన్న గ్లాసునే నలగ్గొడ్తవార?"

మొదటి దెబ్బ బాలప్పది. బిక్షంతో కలిసి మూటలు మోసినవాళ్లలో మిగిలింది ఆయనొక్కడే.

తర్వాత అందరూ అతని మీద పడ్డారు. పెదవి పగిలింది. ముక్కులోంచి రక్తం కారింది.

కింద పడి కూడా అతను సుధాకర్‌నే చూశాడు. నోరు తెరిచాడు. గాలి తప్ప మాట రాలేదు. వేలితో తన గొంతు మీద గీత గీసి, సుధాకర్ వైపు చూపించాడు.

"సూడుండ్రి, నా గొంతు కోస్తడట!" సుధాకర్ కడుపులో తన్నాడు.

రేణుక పిల్లను చంకనెత్తుకొని, కాలుతున్న గరిటెతో వచ్చింది.

"నా బిడ్డ కాలు కాలుస్తవా? నీ చెయ్యిరగ!"

గరిటె అతని భుజం మీద పడింది.

అతను చెయ్యి అడ్డం పెట్టలేదు. సమత పాదం చూసి, రెండు చేతులూ జోడించాడు.

ఆ తర్వాత మెల్లగా లేచి, రోడ్డు మీదికి పోయి, మొయినాబాద్ బస్సు ఎక్కాడు.

అతని సంచి డబ్బా దగ్గరే ఉండిపోయింది.

అందులో వడగట్టిన గంజి సీసా, మొయినాబాద్ అవతలి దవాఖాన చీటీ ఉన్నాయి. చీటీ మీద రోగి పేరు తడిసి చెరిగిపోయింది.

"పిచ్చోడు. పోనియ్," అన్నాడు సుధాకర్.

గంజి సీసా చూశాక రేణుకకు మనసు నిలవలేదు. నెల రోజులుగా సుధాకర్‌కు అన్నం ముద్ద గొంతు దిగడం లేదు. ప్రతి ముద్దకూ నీళ్లు తాగుతున్నాడు. అడిగితే కసురుతున్నాడు.

ఐదో రోజు నీళ్లు కూడా దిగలేదు. రక్తం కక్కాడు.

"నడువు, దవాఖానకు పోదాం."

"ఏం గాలే. గ్యాసు."

"గ్యాసైతే రక్తం వస్తదా? పిల్ల మొకం చూడు జర. నువ్వు నడువకుంటే మూట లెక్క ఎత్తుకపోత."

ఆ చీటీ మీదున్న దవాఖానకే తీసుకుపోయింది. ఆమెకు ఇంకొకటి తెలియదు.

డాక్టరు గొంతులోకి గొట్టం దింపి చూశాడు. ముక్క తీసి పరీక్షకు పంపాడు.

వారం తర్వాత మళ్లీ వెళ్లారు.

"చాయ్ ఎట్ల తాగుతవ్?" అడిగాడు డాక్టరు.

"పొయ్యి మీదికెళ్లి దించంగనే, సార్. ఊదకుండ..." గొప్పగా మొదలుపెట్టి ఆగిపోయాడు సుధాకర్.

"అన్నం దిగే గొట్టం రోజూ కాలి కాలి పుండయ్యింది. అదృష్టం, ఇంకా క్యాన్సర్ కాలే. ఇట్లనే తాగితే అయ్యే ప్రమాదం ఉన్నది. ఇయ్యాల్టి నుంచి చల్లార్చుకొనే తాగాలె."

రేణుక ఏడుస్తూ బయటికి వచ్చింది. నర్సు కృపాజ్యోతి ఆమె చేతిలోని సంచి చూసింది.

"ఇది నీకెక్కడిదమ్మా?"

"మా డబ్బా కాడ ఒకాయన మరిచిపోయిండక్కా. ఇచ్చేద్దామని తెచ్చిన. ఉన్నడా?"

"నిన్ననే చనిపోయిండు."

"అయ్యో! ఏమైందక్కా?"

"అన్నం గొట్టంల క్యాన్సర్. మాట కూడా పోయింది, అన్నీ రాసే చెప్పేటోడు. మొన్నామధ్య ఒళ్లంత దెబ్బలతోని వచ్చిండు. ఎవరు కొట్టిన్రన్నా అంటే, బస్సు దిగుతుంటే పడ్డ అని రాసిండు. భుజం మీద కాలిందేందంటే, చాయ్ ఒలికింది అని రాసిండు."

సుధాకర్ రేణుక చేతిలోని సంచిని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

నర్సు ఆ చనిపోయిన మనిషి నోటు పుస్తకం తెచ్చి, ఒక పేజీ తీసి చూపించింది. ఐదో తరగతితో బడి ఆగిపోయిన రేణుక, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది.

'చేవెళ్లకు పోతున్న. కాగితం చూపితే ఇంటలేరు. ఆ గ్లాసు ఉన్నన్ని రోజులు పోరగాళ్లు గొంతులు కాల్చుకుంటనే ఉంటరు. ఇయ్యాల దాన్ని నలగ్గొట్టి వస్త.'

కింది సంతకాన్ని మాత్రం ఆమె కూడబలుక్కొని చదవవలసిన పని లేకపోయింది, రోజూ తాను తోమిన గ్లాసు మీది పేరే: బిక్షం.