స్వాగత తోరణం

నా భార్య యశోద చివరి రోజు డయాలసిస్ సెంటర్ టీవీలో బడ్జెట్ ప్రసంగం వచ్చింది. కొత్త మిషన్లకు డబ్బుల్లేవట. మార్కాపురం పొలిమేరలో స్వాగత తోరణానికి మాత్రం ఉన్నాయట.

"కిడ్నీలు పోయినోళ్లను గూడా మర్యాదగా పిలవాల గదా," అన్నాను.

"నవ్వించబాకయ్యా, సూది కదుల్తాది," అంది యశోద.

వెనక జనం ఎక్కువున్నారని సగానికే మిషన్ ఆపి పంపించారు. సాయంత్రం ఇంట్లో ఊపిరాడక ప్రాణం పోయింది.

దినాలు కాకముందే నర్సు పావని ఫోన్ చేసింది. "బాధపడబాకు మామా. వెయిటింగ్‌లో తర్వాతి పేరు నీదే. అత్త టర్న్ నీకిచ్చినారు."

ఇద్దరం ఒకే బోరు నీళ్లతో కిడ్నీలు పోగొట్టుకున్నవాళ్లం. సర్కారు పైసా ఖర్చు లేకుండా నాకు మంచం చూపించింది. రేపు పొద్దున మొదటి బస్సుకు పోయి దాని మీద పడుకుంటాను.